కొత్త కంపెనీకి అప్పు ఎలా పుడుతుంది?

ప్రశ్న: ఏడు నెలల కిందట జీడిమెట్లలో నేనూ మా తమ్ముడూ కలిసి అట్టపెట్టెలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాం. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. నెలకు దాదాపు 8 లక్షల అమ్మకాలున్నాయి, ఎక్కువగా మందుల కంపెనీలకే. వాళ్లు 60 రోజులకు గానీ డబ్బివ్వరు. క్రాఫ్ట్ పేపర్ డీలరేమో 30 రోజులకే అడుగుతాడు. మిషన్ కోసం నా పేరు మీద 12 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని కంపెనీకి ఇచ్చాను. కొందరు చిన్న కొనుగోలుదారులు నా సేవింగ్స్ ఖాతాకే యూపీఐ చేస్తున్నారు. బ్యాంకుకు వెళ్తే ‘మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు తెండి’ అన్నారు. ఒక ఏజెంటు 25 వేలిస్తే డన్స్ నంబరు తీసి, మూడు నెలల్లో కంపెనీకి మంచి స్కోరు తెప్పిస్తానంటున్నాడు. వెంటనే అప్పిస్తామంటూ యాప్‌ల వాళ్ల ఫోన్లు ఆగడం లేదు. ఇల్లు తాకట్టు పెట్టకుండా కంపెనీ పేరు మీదే అప్పు పుట్టే దారి చెప్పండి.
– ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: ముందు ఆ 25 వేలు మీ దగ్గరే ఉంచుకోండి. డన్స్ అనేది డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సంస్థ ఇచ్చే తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య. విదేశీ కొనుగోలుదారు ఎవరైనా అడిగితే పనికొస్తుంది. అమెరికాలో సరుకు అరువిచ్చిన వ్యాపారులు, మీరు గడువులోగా కట్టారా లేదా అన్నది ఇలాంటి సంస్థలకు తెలియజేస్తారు. యూట్యూబులో కనిపించే ‘నెట్ 30’ (30 రోజుల అరువు) చిట్కాలన్నీ ఆ పద్ధతి మీద నిలబడ్డవే. మన దగ్గర 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింద వివరాలు పంపేది బ్యాంకులూ ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల) వంటి రుణసంస్థలు. క్రాఫ్ట్ పేపర్ డీలరుకు మీరు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా కట్టినా ఆ మంచితనం సిబిల్‌కు చేరదు. డన్స్ నంబరు చూసి జీడిమెట్లలో ఏ బ్యాంకు మేనేజరూ అప్పివ్వడు.

మన దగ్గర కంపెనీ పరపతి కంపెనీ పాన్ మీద నమోదవుతుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు వ్యక్తులకు ఒక నివేదికా, వ్యాపార సంస్థలకు వేరే నివేదికా తయారుచేస్తాయి. వ్యక్తుల సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, ఎక్కువైతే మంచిది. కంపెనీలకు ఇచ్చేది ర్యాంకు. అది 1 నుంచి 10 దాకా ఉంటుంది, ఇక్కడ 1 అన్నిటికంటే మంచిది. రాబోయే 12 నెలల్లో ఈ సంస్థ మొండి బాకీగా మారే అవకాశం ఎంతో ఆ ర్యాంకు చెబుతుంది. మొత్తం రుణాలు 10 లక్షలు దాటితే గానీ ఆ ర్యాంకు రాదు. అప్పే లేని మీ కంపెనీకి ‘మూడు నెలల్లో స్కోరు’ ఎవరూ తెప్పించలేరు.

మరి అప్పటిదాకా బ్యాంకు దేన్ని చూస్తుంది? మీ ఇద్దరినీ చూస్తుంది. చట్టం దృష్టిలో కంపెనీ వేరు, మీరు వేరు. కానీ మొదటి రెండు మూడేళ్లు బ్యాంకు ముందు ఆ గీత చాలా పల్చన. డైరెక్టర్ల వ్యక్తిగత స్కోరు, కంపెనీ కరెంటు ఖాతా స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు ఈ మూడూ ఒకే కథ చెబుతున్నాయా లేదా అన్నదే అసలు పరీక్ష. మీ ఉత్తరం చూస్తే ఆ మూడూ ప్రస్తుతం మూడు రకాలుగా చెబుతున్నాయి. దిద్దుకోవడం అక్కడే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముందు ఆ 12 లక్షల సంగతి. ప్రైవేటు కంపెనీకి డైరెక్టరు అప్పివ్వొచ్చు. కానీ ‘ఈ డబ్బు నేను ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చి ఇస్తున్నది కాదు’ అని ఆయన రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ ప్రకటన లేకపోతే డిపాజిట్ల నిబంధనల ప్రకారం ఆ మొత్తాన్ని డిపాజిట్‌గా లెక్కగట్టే ప్రమాదం ఉంది. మీరు తెచ్చింది పర్సనల్ లోన్ కాబట్టి ఆ ప్రకటన మీరు నిజాయితీగా ఇవ్వలేరు. చాలా చిన్న కంపెనీల్లో ఈ పొరపాటు జరుగుతుంది. ఎవరూ పట్టించుకోనంత కాలం బాగానే ఉంటుంది, బ్యాంకు తరఫున ఎవరైనా పుస్తకాలు తిరగేసిన రోజున చిక్కవుతుంది. ఈ వారమే మీ ఆడిటరునూ ఒక కంపెనీ సెక్రటరీనీ కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ మొత్తంలో వీలైనంత భాగాన్ని వాటా మూలధనంగా మార్చే దారి చూడమనండి. దానికి అధీకృత మూలధనం (కంపెనీ జారీ చేయగల వాటాల గరిష్ఠ పరిమితి) పెంచాలి, వాటాలు కేటాయించాలి, కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫారాలు దాఖలు చేయాలి. ఖర్చు ఉంటుంది, కానీ దండగ కాదు.

ఎందుకంటే లక్ష రూపాయల మూలధనమే మీ కంపెనీకున్న పెద్ద బలహీనత. బ్యాంకు చూసే మొదటి నిష్పత్తి బయటి బాకీలన్నీ కలిపి సొంత నిధికి ఎన్ని రెట్లు అన్నది. డైరెక్టరు అప్పు 12 లక్షలు, డీలర్లకు బాకీ 7 లక్షలు అనుకుందాం. లక్ష రూపాయల సొంత నిధి మీద 19 లక్షల బాకీ, అంటే 19 రెట్లు. మూడు నాలుగు రెట్లు దాటితేనే బ్యాంకు వెనకాడుతుంది. ఆ 12 లక్షల్లో 8 లక్షలు మూలధనంగా మారితే సొంత నిధి 9 లక్షలు, బాకీలు 11 లక్షలు అవుతాయి. దాని మీద బ్యాంకు 15 లక్షలిచ్చినా నిష్పత్తి మూడు లోపే ఉంటుంది. వ్యాపారం అదే, మిషన్ అదే, ఫైలు మాత్రం వేరుగా కనిపిస్తుంది. మిగిలిన డైరెక్టరు అప్పును బ్యాంకు బాకీ తీరేదాకా వెనక్కి తీసుకోబోమని రాసిస్తే చాలా బ్యాంకులు దాన్ని సొంత నిధిలాగే చూస్తాయి.

మిషన్ బిల్లు ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకోండి. కంపెనీ పేరూ జీఎస్టీ నంబరూ ఆ బిల్లు మీద లేకపోతే దాని మీద కట్టిన పన్ను కంపెనీకి జమ కాదు, మిషన్‌ను కంపెనీ ఆస్తిగా చూపడమూ కష్టం. ఇకపై కొనే మిషన్‌కు కంపెనీ పేరు మీదే టర్మ్ లోన్ తీసుకోండి. సాధారణంగా నాలుగో వంతు మీరు పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు నేరుగా అమ్మకందారుకే చెల్లిస్తుంది. పర్సనల్ లోన్ వాయిదాలు మీరెంత ఠంచనుగా కట్టినా పేరు మీకే వస్తుంది, కంపెనీకి రాదు. కంపెనీ తీసుకున్న టర్మ్ లోన్ వాయిదా కంపెనీ నివేదికలో పడుతుంది. దేశంలో కొత్త కంపెనీకి పరపతి పుట్టే అత్యంత సూటి దారి ఇదే.

సేవింగ్స్ ఖాతాకు యూపీఐ ఈ రోజే ఆపండి. కరెంటు ఖాతాకు క్యూఆర్ కోడ్ తీసుకుని షాపులో అదొక్కటే పెట్టండి. జీఎస్టీ నెలవారీ రిటర్ను అయిన జీఎస్టీఆర్-3బీలో 8 లక్షల అమ్మకం కనిపిస్తూ ఖాతాలో 6 లక్షలే జమైతే, తక్కిన రెండు లక్షల గురించి బ్యాంకు అడుగుతుంది. సమాధానం నిజమే అయినా ఫైలు పక్కకు వెళ్తుంది. మీ ఇంటి ఖర్చులు కంపెనీ ఖాతా నుంచి పోకూడదు. నెలకు ఇంత అని జీతం నిర్ణయించుకుని ఒకే తేదీన మీ ఖాతాలోకి మార్చుకోండి. నగదు అప్పుల జోలికి వెళ్లకండి. 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, డైరెక్టరు ఇచ్చినా అంతే. ఇక స్టేట్‌మెంటులో చెక్కు బౌన్సులూ నిధుల్లేక తిరిగొచ్చిన ఆటో డెబిట్లూ ఎన్నున్నాయో బ్యాంకు లెక్కపెడుతుంది. డీలరుకు ముందు తేదీ చెక్కులిచ్చే అలవాటుంటే మానేసి, గడువు రోజున నెఫ్ట్ చేయండి.

జీఎస్టీలో నెలనెలా దాఖలు చేసేవాళ్లు జీఎస్టీఆర్-1 (అమ్మకాల బిల్లుల వివరాలు) మరుసటి నెల 11 లోగా, 3బీ 20 లోగా వేయాలి. ఆలస్య రుసుము చిన్నదే. అయితే ప్రతి రిటర్నూ దాఖలైన తేదీ పోర్టల్‌లో ఉండిపోతుంది, ఇప్పుడు బ్యాంకులు ఆ తేదీలను నేరుగా తీసుకుని చూస్తున్నాయి. ఏడాదిలో నాలుగుసార్లు 25వ తేదీ కనిపిస్తే ‘నెలనెలా డబ్బు బిగుసుకుంటోంది’ అని చదువుకుంటారు.

కంపెనీల చట్టం వైపు ఒక్క ప్రశ్న: వ్యాపార ప్రారంభ ప్రకటన, అంటే ఐఎన్‌సీ-20ఏ ఫారం, వేశారా? నమోదైన 180 రోజుల్లో వేయాలి, మీకు ఆ గడువు దాటిపోయింది. అది దాఖలు కాని కంపెనీకి అప్పు తీసుకునే అధికారమే ఉండదు. వేయకపోయి ఉంటే జరిమానా కట్టైనా ముందు అది పూర్తిచేయండి. ఆ తర్వాత ఏటా ఏఓసీ-4 (వార్షిక లెక్కలు), ఎంజీటీ-7ఏ (వార్షిక రిటర్ను) ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు పడుతుంది. డబ్బు కంటే, రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌లో ఎవరైనా మీ కంపెనీ పేరు కొట్టి చూడగలరన్నది గుర్తుంచుకోవాలి.

ఉద్యం నమోదు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) లేకపోతే వెంటనే చేసుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్, జీఎస్టీ నంబరు చాలు. డబ్బడిగే వెబ్‌సైటు ఏదైనా అది ప్రభుత్వానిది కాదు. కార్యకలాపం దగ్గర ‘తయారీ’ అని ఎంచుకోండి. ‘వర్తకం’ అని పడితే ఆలస్యపు చెల్లింపుల మీద చట్టమిచ్చే రక్షణ మీకు అందదు. ఆ రక్షణ ఏమిటంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న తయారీ సంస్థకు 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటిన బాకీని ఆ కొనుగోలుదారు డబ్బు కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. మీ ఖాతాదారుల (మీ సరుకు కొనే కంపెనీల) అకౌంట్స్ విభాగానికి ఇది బాగా తెలుసు. ఉద్యం నంబరును ప్రతి ఇన్‌వాయిస్ మీదా అచ్చువేయండి. ‘మేం సూక్ష్మ తయారీ సంస్థ’ అని ఒక ఉత్తరం పంపండి. గొడవ పడనక్కర్లేదు, చాలాసార్లు 60 రోజులు 45కు దిగడానికి ఆ ఉత్తరం చాలు.

మీరు అడగని విషయం ఒకటి, మీకు అప్పు కంటే ముందు కావలసింది బహుశా ఇదే. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలన్నీ ట్రెడ్స్ (బిల్లుల మీద ముందే డబ్బిప్పించే ఆన్‌లైన్) వేదికల్లో చేరాలని కేంద్రం ఆదేశించింది. ఆర్ఎక్స్ఐఎల్, ఎం1ఎక్స్చేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ అలాంటి వేదికలే. మీ ఖాతాదారైన మందుల కంపెనీ అక్కడ ఉంటే, మీ బిల్లును అది ఆమోదించగానే బ్యాంకులు దాని మీద వడ్డీరేటు పాడతాయి. రేటు ఆ పెద్ద కంపెనీ పరపతిని బట్టి ఉంటుంది కాబట్టి తక్కువే ఉంటుంది. డబ్బు మీకు ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. 60 రోజుల తర్వాత ఆ కంపెనీ కట్టకపోయినా బ్యాంకు మీ మీదకు రాదు. మీ ఖాతాల్లో అది అప్పుగా పెరగదు. కొనుగోలు విభాగంలో మీతో రోజూ మాట్లాడే మనిషిని అడిగితే తెలియకపోవచ్చు, ఫైనాన్స్ విభాగాన్ని అడగండి.

ఇప్పుడు బ్యాంకు అప్పు. మీకు కావలసింది రోజువారీ పెట్టుబడికి క్యాష్ క్రెడిట్ (సీసీ) పరిమితి, అంటే ఒక పరిమితి దాకా అవసరమైనప్పుడు తీసుకుంటూ, డబ్బొచ్చినప్పుడు కడుతూ ఉండే అప్పు. ‘మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు’ అన్నది పాత యూనిట్లను చూసే పద్ధతి. చిన్న పరిశ్రమలకు 5 కోట్ల దాకా పరిమితిని అంచనా టర్నోవరు మీద లెక్కగట్టే విధానం రిజర్వ్ బ్యాంకు వేసిన నాయక్ కమిటీ నాటి నుంచి ఉంది. టర్నోవరులో 25 శాతం పెట్టుబడి అవసరమని లెక్క. అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం మీరు. నెలకు 8 లక్షలంటే ఏడాదికి 96 లక్షలు. అందులో 20 శాతం, 19 లక్షల 20 వేలు బ్యాంకు వంతు. 4 లక్షల 80 వేలు మీ వంతు. అంచనాను 2 కోట్లకు పెంచి రాయించకండి, జీఎస్టీ లెక్కతో పొసగని అంచనా ఇస్తే అసలు అంకెను కూడా నమ్మరు. మామూలు శాఖకు కాకుండా ఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) రుణాలు చూసే శాఖకు వెళ్లండి. ఏడెనిమిది నెలల జీఎస్టీ రిటర్నులు, కరెంటు ఖాతా స్టేట్‌మెంటు, ఆడిటరు సంతకంతో ఇప్పటిదాకా లాభనష్టాలు, వచ్చే ఏడాది అంచనా, ఖాతాదారుల పర్చేజ్ ఆర్డర్లు, అద్దె ఒప్పందం, ఉద్యం పత్రం, అప్పుకు బోర్డు తీర్మానం ఇవన్నీ ఒకే ఫైలులో పట్టుకెళ్లండి. మొదటిసారి 19 అడిగితే 10 ఇస్తారేమో, తీసుకోండి. ఏడాది సజావుగా నడిపిన ఖాతాకు పరిమితి పెంచడం తేలిక.

ఇల్లు తాకట్టు గురించి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 2026 ఏప్రిల్ నుంచి మంజూరయ్యే అప్పుల్లో 20 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అంతకు మించితే సీజీటీఎంఎస్ఈ హామీ పథకం (తాకట్టు లేని చిన్న పరిశ్రమల అప్పులకు బ్యాంకుకు హామీ ఇచ్చే ప్రభుత్వ పథకం) కింద ఇవ్వమని పేరు పెట్టి అడగండి. ఆ హామీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లు. ఏటా హామీ రుసుము పడుతుంది, అది మామూలుగా మీరే భరించాలి. ఆ హామీ ఉన్నది బ్యాంకును కాపాడటానికే. మీరు కట్టకపోతే బాకీ మాఫీ కాదు, వసూలు ఆగదు. మీ ఇద్దరి వ్యక్తిగత హామీ మాత్రం బ్యాంకు మామూలుగా అడుగుతుంది. కంపెనీ బాకీ పడితే ఆ మచ్చ మీ సొంత సిబిల్‌కూ అంటుతుంది. రేపు తమ్ముడు డైరెక్టరుగా తప్పుకున్నా, బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేసేదాకా ఆయన హామీ తప్పుకోదు. అందరినీ కూర్చోబెట్టి ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

సీసీ మంజూరయ్యాక సరుకు తాకట్టు వివరాలను 30 రోజుల్లో సీహెచ్‌జీ-1 ఫారంతో రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. అప్పు తీరిన రోజున సీహెచ్‌జీ-4 (తాకట్టు తీరిందని తెలిపే ఫారం) వేయించడం చాలామంది మరిచిపోతారు. తీరిన అప్పు తీరనట్టే కనిపించి, తర్వాతి బ్యాంకు దగ్గర పని ఆగిపోతుంది.

పరిమితి చేతికొచ్చాక కొత్త కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాం. పరిమితి మొత్తం మీరు వాడుకోగలిగిన డబ్బు కాదు. నెలనెలా మీరిచ్చే స్టాకు స్టేట్‌మెంటును బట్టి ‘డ్రాయింగ్ పవర్’ (ఆ నెల మీరు తీయగలిగిన మొత్తం) తేలుతుంది. రీళ్లు, తయారైన పెట్టెలు కలిపి స్టాకు 9 లక్షలు, డీలరు బాకీ 3 లక్షలు అనుకోండి. డబ్బు కట్టిన స్టాకు 6 లక్షలు, పావు వంతు మార్జిన్ (మీరే భరించాల్సిన వంతు) తీస్తే నాలుగున్నర లక్షలు. ఖాతాదారుల నుంచి రావలసింది 16 లక్షలు, అందులో 90 రోజులు దాటిన 2 లక్షలు లెక్కలోకి రావు. మిగిలిన 14 లక్షల్లో పావు వంతు తీస్తే పదిన్నర లక్షలు. మొత్తం 15 లక్షలు. (బాకీల మీద మార్జిన్ ఇంకా ఎక్కువ పెట్టే బ్యాంకులూ ఉన్నాయి.) పరిమితి 19 లక్షలైనా ఆ నెల 15 దాటి వాడితే ఖాతా అదుపు తప్పినట్టే. ఒక ఖాతాదారు బిల్లు 90 రోజులు దాటగానే మీకు తెలియకుండానే మీ డ్రాయింగ్ పవర్ కూలిపోతుంది.

రెండో గుంట వడ్డీ. 19 లక్షల పరిమితిని అంచుదాకా వాడి ఉంచారనుకోండి, 11 శాతం వడ్డీ అయితే నెలాఖరున 17,400 రూపాయల దాకా ఖాతాలో పడుతుంది. మీరు ఒక్క రూపాయి తీయకపోయినా పరిమితి దాటుతుంది. 30 రోజులు దాటి వరసగా అలాగే ఉంటే ఎస్ఎంఏ-1 (బ్యాంకు ప్రత్యేకంగా కనిపెట్టే ఖాతా), 60 దాటితే ఎస్ఎంఏ-2, 90 దాటితే మొండి బాకీ. 90 రోజులపాటు ఖాతాలో జమలే లేకపోయినా, వచ్చిన జమలు ఆ కాలపు వడ్డీకి సరిపోకపోయినా అంతే. కాబట్టి నెల 25 తర్వాత కనీసం రెండు నెలల వడ్డీ పట్టేంత జాగా ఖాతాలో ఉంచండి. మొత్తం మీద పరిమితిలో నాలుగింట మూడు వంతుల్లో నడిపితే మంచిది. అమ్మకాల డబ్బంతా ఆ ఖాతాలోకే రావాలి. ఇంకో బ్యాంకులోకి మళ్లిస్తే పరిమితి పెంచమని అడిగే హక్కు మీ చేతులారా పోగొట్టుకున్నట్టే.

బ్యాంకు ఇప్పుడే సీసీ ఇవ్వనంటే ఖాళీగా కూర్చోకండి. కంపెనీ పేరు మీద లక్షో రెండు లక్షలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తారు. కొంచెం వాడుతూ కడుతూ ఉండండి. ముందే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇది కంపెనీ పాన్ మీద క్రెడిట్ సమాచార సంస్థలకు చేరుతుందా?’ అవునంటేనే చేయండి. ఈ చిన్న ఖాతాతో ర్యాంకు రాదు కానీ కంపెనీ నివేదిక పుడుతుంది. ఏడాది తర్వాత అడిగేవాళ్లకు చూపడానికి ఒక కాగితం ఉంటుంది.

మీ వ్యక్తిగత నివేదికలను నాలుగు సంస్థల నుంచీ ఏడాదికి ఒకసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. క్రెడిట్ కార్డు బాకీ పరిమితిలో మూడో వంతు దాటనివ్వకండి. పాత అప్పుల్లో ఎక్కడైనా ‘సెటిల్డ్’ (పూర్తిగా కట్టకుండా రాజీతో ముగించినది) అని ఉంటే, మిగతా సొమ్ము కట్టి బాకీ లేదని పత్రం తీసుకోండి.

ఇక ఆ యాప్‌లు. వాటిలో ఎన్‌బీఎఫ్‌సీల తరఫున సక్రమంగా నడిచేవీ ఉన్నాయి, కానీ ఈ దశలో మీకు సరిపడవు. వడ్డీ ఎక్కువ. పైగా కొన్ని రోజువారీగా ఖాతా నుంచి కోసుకుంటాయి. 60 రోజులకు డబ్బు వచ్చే వ్యాపారానికి రోజువారీ వాయిదా పొసగదు. ఒక్కరోజు నిధుల్లేకపోయినా స్టేట్‌మెంటులో వాయిదా తిరిగొచ్చిన మచ్చ పడుతుంది. పదిచోట్ల దరఖాస్తు చేస్తే పది విచారణలూ నివేదికలో కనిపిస్తాయి, తర్వాత వెళ్లే బ్యాంకుకు అది డబ్బుకు తిప్పలు పడుతున్న గుర్తు. ఫోన్లో మాటవరసకు కూడా పాన్, ఓటీపీ ఇవ్వకండి. మూలధనం మార్పు, ఉద్యం, క్యూఆర్ కోడ్, ట్రెడ్స్ ఈ నాలుగు పనులకు రెండు మూడు నెలలు పడుతుంది. అవి పూర్తయ్యాక, అప్పటికి చేతికొచ్చే పది నెలల రిటర్నులతో ఒకే బ్యాంకుకు, ఒకే దరఖాస్తుతో వెళ్లండి.